పోటీ గిత్తలా, మేత మందా? ఒంగోలు జాతి పెంపకంలో ఏ దారి ఎవరికి

ఒంగోలు ఆవులు పెంచాలని ఉందని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఒకటే: మీ కొట్టంలో కోడెదూడ పుడితే సంతోషిస్తారా, పెయ్యదూడ పుడితే సంతోషిస్తారా? తడుముకోకుండా జవాబు వచ్చిందంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. పశు ప్రదర్శనలకు, బండ లాగుడు పోటీలకు పశువులను తయారుచేసే ఇంట్లో కోడెదూడే పంట, ఆవును మేపేదే దాని కోసం. బీళ్లలో, గట్ల మీద మేపి పాలు, పేడ, పెయ్యలు అమ్ముకునే ఇంట్లో అదే కోడెదూడ పుడితే మేపాల్సిన నోరు ఒకటి పెరిగినట్టు. జాతి ఒకటే అయినా లెక్క పూర్తిగా తలకిందులవుతుంది.

విదేశీ వీడియోలు చూసి, గడ్డి మేపి బరువు పెంచి అమ్మేద్దామనుకునేవాళ్లకు ముందే ఒక మాట. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో వచ్చిన గోవధ నిషేధ చట్టం ఆవులు, దూడల వధను నిషేధిస్తుంది. బ్రెజిల్‌లోనో ఆస్ట్రేలియాలోనో గడ్డి మేత మంద అంటే మాంసం వ్యాపారం. మన దగ్గర మేత మందకు ఆదాయం వేరే చోట్ల నుంచి రావాలి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

పోటీ పశువు అడిగేది ఏమిటి

ప్రదర్శన బరిలో చూసే లక్షణాలు ఈ ప్రాంతం రైతులకు కొత్తవి కావు. తెల్లటి ఒళ్లు, నల్లటి ముట్టె, కళ్ల చుట్టూ నల్లటి వలయం, నల్ల గిట్టలు, నల్లని తోక కుచ్చు ఉండాలి. కొమ్ములు పొట్టిగా, మొద్దుగా, బయటికీ వెనక్కీ సాగాలి. గంగడోలు మడతలు పడి వేలాడాలి, మూపురం ఒక పక్కకు వాలకుండా నిండుగా నిలవాలి. మగవాటికి తల, మెడ, మూపురం మీద ముదురు బూడిద ఛాయ, మోకాళ్ల దగ్గర నల్ల మచ్చలు ఉంటే ఇంకా మంచిది. ఎదిగిన ఆబోతు 550 నుంచి 680 కిలోల దాకా తూగుతుంది, ఆవు 430 నుంచి 450 కిలోలు. ఇందులో బరువు ఒక్కటే మేపితే వచ్చేది. మిగతావన్నీ పుట్టుకతో రావాల్సిందే. కొమ్ము తీరు బాగాలేని దూడకు ఎన్ని ఉలవలు పెట్టినా బరిలో మొదటి చూపులోనే పక్కన పెడతారు.

బండ లాగుడు వేరే లోకం. అక్కడ అందం కన్నా ఛాతీ, నడుము, కాలి ఎముక, గిట్ట గట్టిదనం, అన్నింటికన్నా ముఖ్యంగా స్వభావం చూస్తారు. పళ్లను బట్టి విభాగాలు ఉంటాయి: పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్స్. నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. కొత్తగా దిగేవాళ్లు అక్కడ లెక్కలోకి తీసుకోనిది జత. మీ దగ్గర ఎంత గొప్ప కోడె ఉన్నా అది సగమే. దాని ఎత్తు, దాని నడక, దాని ఊపుకు సరిపోయే జోడు దొరకాలి. ఒకటి ముందుకు దూకి ఇంకోటి వెనకబడితే రెండింటి బలమూ వృథా. అందుకే అనుభవమున్న ఆసాములు జోడు కోసం జిల్లాలు దాటి తిరుగుతారు, దొరికినప్పుడు ధర దగ్గర వెనక్కి తగ్గరు. మీరు కొనేటప్పుడు అదే మీకు భారం. అమ్మేటప్పుడు, అవతలివాడికి మీ కోడే సరిజోడు అయితే, అదే మీకు లాభం.

ఇక కాలం లెక్క. ఈ రోజు ఆవుకు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించి అది చూడి నిలిస్తే ఈనడానికి తొమ్మిదిన్నర నెలలు. కోడెకు మొదటి రెండు పళ్లు రెండు, రెండున్నర ఏళ్ల వయసులో వస్తాయి. అంటే మీ కొట్టంలో పుట్టిన కోడె రెండు పళ్ల విభాగంలో నిలబడేసరికి మూడేళ్లు దాటుతుంది. అదీ పుట్టినది మగదూడ అయితే, దానికి లక్షణాలు కలిస్తే, కాళ్లు చక్కగా ఉంటే. ఈ మూడేళ్లూ ఆ దూడ మీద వచ్చేదేమీ ఉండదు, పోయేదే. తయారైన కోడెను కొంటే కాలం కలిసొస్తుంది కానీ, అప్పటిదాకా మేపినవాడి ఖర్చు, లాభం రెండూ మీ జేబులోంచే పోతాయి.

దాణా విషయంలో పోటీ ఇళ్లలో జరిగే పొరపాట్లు ఎక్కువ. ఉడకబెట్టిన ఉలవలు, పత్తి గింజలు, తవుడు, కంది పొట్టు మామూలే. కొందరు గుడ్లు, ఖర్జూరం దాకా వెళ్తారు. పోటీ దగ్గర పడిందని ఒక్కసారిగా గింజలు పెంచితే పశువు కడుపులో ఆమ్లం పెరిగి మేత మానేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఆ తర్వాత గిట్టలు పాడవుతాయి. గింజ ఏదైనా పది పదిహేను రోజుల మీద కొంచెం కొంచెంగా పెంచాలి, ఎంత పెట్టినా వరిగడ్డి, చొప్ప తగ్గించకూడదు. ప్రదర్శన ఆవుల్లో ఇంకో చిక్కుంది. నునుపుగా, గుండ్రంగా కనపడాలని కొవ్వు పట్టిస్తే అది సరిగా ఎదకు రాదు, వచ్చినా చూడి నిలవడం కష్టం. పెయ్య వయసులో మరీ కొవ్వెక్కిస్తే పొదుగులో పాల కణజాలం ఎదగాల్సిన చోట కొవ్వు చేరుతుంది. ఆబోతుకైనా అంతే, వృషణాల సంచిలో కొవ్వు చేరితే వేడి పెరిగి వీర్యం నాణ్యత పడిపోతుంది. బహుమతి తెచ్చిన పశువే సంతానం ఇవ్వకపోతే ఆ కొట్టం భవిష్యత్తు అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఏడాది పొడవునా ప్రదర్శన ఒళ్లు నిలబెట్టాలని చూడటం నాకు నచ్చదు.

ఇక మనిషి. జత గిత్తలకు ఒక మనిషి పూర్తిగా కావాలి: కడగాలి, నడిపించాలి, ఇసుకలో దున్నించాలి, చెరువులో ఈదించాలి, జనం మధ్యకు, మైకుల హోరుకు అలవాటు చేయాలి. జీతానికి పెట్టిన పాలేరు ఆ పని చేస్తాడు కానీ, పశువు మేత వదిలిన పూట అది అతను చెప్పకముందే ఇంట్లో ఎవరికో తెలియాలి. వారాంతాల్లో ఊరికి వచ్చి పోయేవాళ్లకు పోటీ గిత్తలు కుదరవని మొహమాటం లేకుండా చెబుతాను.

చట్టం గురించి కూడా ఒక మాట. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల పందేలపై నిషేధం విధించింది. 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. మన తిరునాళ్లలో, సంక్రాంతికి బండ లాగుడు జరుగుతూనే ఉన్నా, అనుమతుల గొడవ అప్పుడప్పుడు తలెత్తుతుంది. ములుకర్రతో పొడవడం, హింసించి పరిగెత్తించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరమే. ఒక ఏడాది పోటీలు ఆగితే మీ ఇల్లు ఆగిపోతుందా అని చూసుకోండి. ఆగిపోతుందంటే మీ పెట్టుబడి ఎక్కువైపోయింది.

మేత మంద నిజంగా దేని మీద బతుకుతుంది

400 కిలోల ఆవుకు రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండు పదార్థం కావాలి. పచ్చిమేతలో ఐదింట నాలుగు వంతులు నీళ్లే కాబట్టి, 25 కిలోల పచ్చిమేత, దానికి తోడు నాలుగైదు కిలోల వరిగడ్డి అనుకోండి. పది ఆవుల మంద అంటే రోజుకు పావు టన్ను పచ్చిమేత. జులై నుంచి డిసెంబరు దాకా బీళ్లు, గట్లు, కోసిన మళ్లు ఈ లెక్కలో చాలా భాగం తీరుస్తాయి. అసలు పరీక్ష మార్చి నుంచి జూన్ వరకు. మంద పెట్టాలా వద్దా అన్నది మీ ఊరి ఆగస్టును చూసి కాదు, మే నెలను చూసి తేల్చుకోవాలి. పోరంబోకు భూములు చేపల చెరువులుగా, ప్లాట్లుగా మారిన ఊళ్లలో మేత మంద అనే మాటకే అర్థం లేదు. వరికోత యంత్రాలు వచ్చాక గడ్డి ముక్కలై మట్టిలో కలిసిపోతోంది, వాములు తగ్గిపోయాయి.

నీళ్లున్న ఎకరంలో నేపియర్ గడ్డి వేసి సరిగా కోస్తే నాలుగైదు పెద్ద పశువులకు పచ్చిమేత నడుస్తుంది. వరి కోసిన మళ్లలో మిగిలిన తేమ మీద పిల్లిపెసర చల్లుకునే పాత పద్ధతి ఇప్పటికీ చవకైనదే, పప్పుజాతి కాబట్టి మాంసకృత్తులూ అందుతాయి. ఉన్న వరిగడ్డిని యూరియాతో మాగబెట్టుకోవచ్చు: 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచితే గడ్డి మెత్తబడి బాగా అరుగుతుంది. సుబాబుల్ ఆకు మంచిదే కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటించకూడదు. వానలు మొహం చాటేసి వాడిన లేత జొన్న మీదికి మాత్రం మందను వదలకండి. నాము (వాడిన లేత జొన్నలో ఉండే విషం) తగిలిన పశువుకు వైద్యం అందేలోపే ప్రాణం పోవచ్చు.

మందలో ఆవుల ఈతలను కాలానికి కట్టుకోవడం చాలామంది చేయని పని. అక్టోబరు, నవంబరులో కట్టిస్తే జులై మధ్య నుంచి సెప్టెంబరు మొదటి రోజుల దాకా ఈనుతాయి. అప్పుడే పచ్చిగడ్డి లేస్తుంది, పాలకు అదే దాణా. ఎండాకాలంలో ఈనిన ఆవుకు మీరు కొని పెట్టాలి.

మరి ఆదాయం ఎక్కడ? పాల కేంద్రంలో వెన్న శాతం మీద డబ్బు తీసుకోవడమే మీ లక్ష్యమైతే ఒంగోలు ఆవు మీకు వద్దు. ఒక ఈతకు సగటున 800 కిలోల చుట్టూ పాలిచ్చే ఆవును అంతకు రెట్టింపు పైగా, అదీ ఎక్కువ వెన్నతో, ఇచ్చే ముర్రా గేదె పక్కన నిలబెట్టి లెక్క వేయడం అన్యాయం. ఒంగోలు మంద నిలబడేది నాలుగు చిల్లర ఆదాయాలు కలిపితేనే. ఇంటింటికీ నేరుగా పోసే పాలు, నెయ్యి ఒకటి. ఎదకు వచ్చిన మంచి పెయ్యల అమ్మకం రెండోది. మూడోది పేడ, మూత్రం. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఎకరానికి జీవామృతం కలపాలంటే 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలి, ఆవు లేని రైతు కొనుక్కోవాల్సిందే. నాలుగోది పొలాల్లో మంద కట్టించడం: రాత్రిపూట పశువులను ఒకరి చేలో నిలిపినందుకు డబ్బో గింజలో తీసుకోవడం. ఈ నాలుగింట్లో రెండైనా మీ ఊళ్లో నడుస్తాయో లేదో పశువులు కొనకముందే నలుగురిని అడిగి తెలుసుకోండి. దేశీ ఆవు పాలకు సర్వరోగ నివారిణి అని బోర్డు కట్టి రెట్టింపు ధర రాబట్టొచ్చనే సలహాలు చాలా వినపడతాయి. శుభ్రంగా, నీళ్లు కలపకుండా, రోజూ ఒకే వేళకు పోస్తే చాలు, జనం మంచి ధరే ఇస్తారు.

మంద బలం ఇంకోటి, నష్టం చెల్లాచెదురవడం. ఇరవై పశువుల్లో ఒకటి పోతే నూటికి ఐదు వంతులు పోయినట్టు. జత గిత్తల్లో ఒకటి కుంటిదైతే రెండోదాని విలువా పడిపోతుంది. బీమా చేయించొచ్చు, చేయించాలి కూడా. కానీ పోటీ గిత్తకు ఆసాములు చెప్పుకునే ధరను బీమా కాగితం మీదికి ఎక్కించడం అంత తేలిక కాదు.

కాగితం విలువ ఎంత

బ్రెజిల్ కథ ఇక్కడే పనికొస్తుంది, మనం గర్వంగా చెప్పుకునే కోణంలో కాదు. 19వ శతాబ్దం నుంచి ఒంగోలు పశువులు ఓడలెక్కి అక్కడికి వెళ్లాయి, నెల్లూరు పేరు మీద నెలోర్ అయ్యాయి. చివరి పెద్ద విడతలు 1960ల మొదట్లో వెళ్లాయి, మన కరవది ఊరి పేరు పెట్టుకున్న ఆబోతు వంశం అక్కడ ఇప్పటికీ ప్రసిద్ధం. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలంలో అమ్ముడైంది, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 2 కోట్ల బ్రెజిల్ రియాల్‌లు దాటింది. అంత ధర దాని అందానికి వచ్చింది కాదు. దాని అండాల నుంచి తయారయ్యే దూడలకు వచ్చింది. ఉబెరాబా కేంద్రంగా పనిచేసే అక్కడి జెబూ (మూపురం ఉన్న పశువులు) పెంపకందారుల సంఘం వంశావళి నమోదు చేస్తుంది, బరువులు, ఈతలు లెక్కకడుతుంది. బరిలో గెలిచిన వంశం ఆబోతులను గడ్డి మీద వేల పశువులు మేపే మామూలు రైతులు కొంటారు. అంటే ప్రదర్శన పశువుకు అక్కడ వెనక పెద్ద మార్కెట్ ఉంది.

మన దగ్గర పోటీ గిత్తను కొనేది ఇంకో పోటీ గిత్తల ఆసామి. కొనేవాళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, వాళ్లంతా ఒకరికొకరు తెలుసు. ఆ కొద్దిమందిలో మీ కొట్టానికి పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. పేరు వచ్చాక మాత్రం దూడ కడుపులో ఉండగానే బేరం అడుగుతారు. ఈ రెండు దారుల్లో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్న, నా లెక్కలో, మీకు పశువు మీద ఎంత ప్రేమ ఉందన్నది కాదు, అమ్మే రోజున గుమ్మం ముందు ఎవరు నిలబడతారన్నది.

నమోదు విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వ మంద నమోదు పథకం యూనిట్లలో ఒకటి ఒంగోలులోనే ఉంది. జాతి లక్షణాలు, పాల దిగుబడి చూసి ఆవులను నమోదు చేస్తారు. నిజం చెప్పాలంటే బరి దగ్గర బేరాలు ఇంకా ‘ఫలానా వారి ఆబోతు సంతానం’ అన్న నోటిమాట మీదే నడుస్తున్నాయి. అయినా నమోదు చేయించమనే చెబుతాను. నోటిమాటకు సాక్షి ఉన్నంతకాలమే విలువ. చెవిలో 12 అంకెల ట్యాగు, సూది వేసిన తేదీ, వీర్యం స్ట్రా మీద ముద్రించిన ఆబోతు నంబరు, ఈనిన తేదీ, దూడ పుట్టిన బరువు, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. దానివల్ల ఇంకో ఉపయోగం, తెలియకుండా తండ్రినే కూతురికి కట్టించే ప్రమాదం తప్పుతుంది. ఊళ్లో అందరూ ఒకే పేరున్న ఆబోతు వెంట పడే చోట ఇది చిన్న విషయం కాదు. తూకం యంత్రం లేకపోతే టేపు చాలు: ఛాతీ చుట్టుకొలతను దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవుతో గుణించి, 660తో భాగించండి. కొలతలు అంగుళాల్లో ఉంటే వచ్చేది కిలోల్లో బరువు, కాస్త అటూ ఇటూగా.

రోగాల విషయంలో తేడా కొద్దిగానే. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఇద్దరికీ తప్పవు. పోటీ పశువు ఊళ్లు తిరుగుతుంది కాబట్టి తిరిగొచ్చాక రెండు మూడు వారాలు మిగతావాటికి దూరంగా కట్టేయాలి. మందకు గోమార్లు, నట్టల బెడద ఎక్కువ.

ఎవరికి ఏది

మేత భూమి, నీళ్లు రెండూ లేనివాళ్లు రెండింటి జోలికీ వెళ్లొద్దు. భూమి ఉండి, ఇంట్లో పశువుల మీద కన్ను వేసే మనిషి ఉండి, నెల నెలా ఎంతో కొంత రావాలనుకునేవాళ్లకు మేత మందే సరైనది. ఐదారు ఆవులతో మొదలుపెట్టడం మేలు. వేరే ఆదాయం స్థిరంగా ఉండి, మూడు నాలుగేళ్లు డబ్బు రాకపోయినా కంగారు పడనివాళ్లు, బరిలో పేరు కావాలనుకునేవాళ్లు గిత్తల వైపు వెళ్లొచ్చు. అప్పు చేసి గెలిచిన జతను కొనడం మాత్రం వద్దు. ఆ జత గెలిచింది దాని పాత ఆసామి చేతిలో, అతని మేతతో, అతని మనిషితో.

నేను ఎక్కువమందికి చెప్పేది నడిమి దారి. మంచి వంశం ఆవులను, అందం కన్నా ఈతల క్రమం చూసి, మేత మంద పద్ధతిలోనే పెంచండి. లాం పరిశోధన కేంద్రం, చదలవాడ ఫారం, చింతలదేవి కామధేను కేంద్రం ఈ జాతి మీద పనిచేస్తున్నాయి. అక్కడివాళ్లనో, మీ పశువైద్యుణ్నో అడిగి తల్లుల పాల లెక్క తెలిసిన ఆబోతు వీర్యమే వాడండి. పుట్టిన కోడెల్లో ఏడాది వయసుకు కాళ్లు, కొమ్ము మొదలు, నడక చూసి ఒక్కదాన్నే బరికి ఎంచుకోండి. మిగతావి దున్నకానికో, వేరే ఆసాములకో వెళ్తాయి. ఏ ఏడాదైనా ఎంచుకోదగ్గది పుట్టకపోతే ఎంచుకోవద్దు, మంద ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. లింగ నిర్ధారిత వీర్యం వాడితే నూటికి 90 పెయ్యలే పుడతాయి. మందను పెంచాలనుకున్నప్పుడు అది వాడండి, కోడె కోసం చూస్తున్న ఆవుకు మాత్రం మామూలు స్ట్రానే వేయించండి.

కొనడానికి వెళ్లినప్పుడు పోటీ కోడె దగ్గర దాని తల్లిని చూపించమనండి. చూపించలేకపోతే వంశం గురించి చెప్పే మాటలకు ధర కట్టొద్దు. కోడెను గట్టి నేల మీద నడిపించి వెనక నుంచి చూడండి, వెనక కాలు ముందు కాలి అడుగులో పడాలి. మంద ఆవు దగ్గర చూడాల్సింది వేరు: ఎన్ని ఈతలు, ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని నెలలు, నాలుగు చన్నుల్లో పాలు సమంగా దిగుతున్నాయా. చూడిది అని చెబితే పశువైద్యుడితో పరీక్ష చేయించి, బ్రూసెల్లోసిస్ (చూడి పోగొట్టే అంటువ్యాధి) పరీక్షకు రక్తం ఇప్పించి, ఫలితం వచ్చాకే బయానా ఇవ్వండి.